ఆర్మీ మెడిక్ నర్సు కావాలంటే: ఒక కమ్యూనిటీ కాలేజీ కేస్ స్టడీ

ఈ కేసులోని విద్యార్థి అమెరికా ఆర్మీలో సార్జెంటు. పని కంబాట్ మెడిక్, ఆర్మీ ఉద్యోగ సంకేతాల్లో 68డబ్ల్యూ. ఆరేళ్లు దాటిన సర్వీసు, ఒక విదేశీ మోహరింపు, భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. అతన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. నేను పనిచేసే కమ్యూనిటీ కాలేజీ దక్షిణాది రాష్ట్రాల్లో ఒకచోట, పెద్ద సైనిక స్థావరానికి దగ్గరలో ఉంది. సైనిక విద్యార్థులకు ఏ కోర్సు తీసుకోవాలో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, పాత శిక్షణకు ఎంత విలువ కట్టవచ్చో చెప్పడం నా ఉద్యోగం. అతను అడిగింది ఒక్కటే.

"మేడమ్, నేను రిజిస్టర్డ్ నర్సు కావాలి. నాకున్న క్రెడిట్లు పోగా ఇంకా ఎంత చదవాలి?"

చేతిలో ఒక ట్రాన్‌స్క్రిప్టు, అంటే చదువు రికార్డు ఉంది. అందులో నలభైకి పైగా క్రెడిట్లు (చదివిన కోర్సులకు విలువ కట్టే యూనిట్లు) కనిపిస్తున్నాయి. అసోసియేట్ డిగ్రీ నర్సింగ్‌కు మొత్తం కావలసినవి అరవై పైచిలుకు. మూడింట రెండు వంతుల చదువు అయిపోయిందనే ధీమాతో వచ్చాడు. అతని తప్పేమీ లేదు, ఆ కాగితం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

కమ్యూనిటీ కాలేజీ గురించి తెలియనివారికి రెండు మాటలు. ఇది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలు, వృత్తి సర్టిఫికెట్లు ఇచ్చే స్థానిక ప్రభుత్వ కళాశాల. మన పాలిటెక్నిక్‌ను, డిగ్రీలోని మొదటి రెండేళ్లను ఒకే ప్రాంగణంలో పెట్టి, సాయంత్రం క్లాసులు కూడా నడిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఫీజు తక్కువ, ప్రవేశం దాదాపు అందరికీ దొరుకుతుంది. నర్సింగ్ లాంటి కొన్ని కోర్సులకు మాత్రం విడిగా పోటీ ఉంటుంది. సైన్యంతో ఈ కాలేజీల పొత్తు నిన్నమొన్నటిది కాదు. సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బిచ్చే 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కాలేజీ మెట్లెక్కారు. 1965లో టెక్సస్‌లోని కిలీన్‌లో, ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరం పక్కనే ఏర్పడిన సెంట్రల్ టెక్సస్ కాలేజీ తర్వాతి కాలంలో విదేశీ స్థావరాల్లోనూ, నౌకాదళ ఓడల మీద కూడా పాఠాలు చెప్పింది. వాయుసేన మరో అడుగు ముందుకేసి 1972లో తన సిపాయిల కోసం సొంత కమ్యూనిటీ కాలేజీనే పెట్టుకుంది. ఆర్మీ ఆ దారి పట్టలేదు. స్థావరాల పక్కనున్న మాలాంటి కాలేజీలతోనే నెట్టుకొస్తోంది.

ఆ కాగితంలో ఏముంది

ఆర్మీ, నేవీ, మెరైన్లు, కోస్ట్ గార్డ్ సిబ్బంది పొందిన శిక్షణనంతా ఒకచోట చూపించే పత్రాన్ని జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. ప్రతి శిక్షణకూ ఎదురుగా, ఇది కాలేజీ చదువులో ఫలానా విషయంలో ఇన్ని క్రెడిట్లకు సమానమని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ చేసిన సిఫారసు ఉంటుంది. ఈ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఈ పని చేస్తోంది. వివిధ కాలేజీల అధ్యాపకులను బృందాలుగా పంపి, సైనిక శిక్షణ పాఠాలను, పరీక్షలను చూపించి విలువ కట్టిస్తుంది. పని శ్రద్ధగానే జరుగుతుంది. అయితే అది సిఫారసు మాత్రమే. తీసుకోవాలో వద్దో, తీసుకుంటే ఏ కోర్సు కింద తీసుకోవాలో నిర్ణయించేది కాలేజీ.

మా సార్జెంటు ట్రాన్‌స్క్రిప్టును నేను చదివిన తీరు చెబుతాను. మొదటి పేజీలో ప్రాథమిక సైనిక శిక్షణకు శారీరక వ్యాయామం, ఆరోగ్యం లాంటి విషయాల్లో కొన్ని క్రెడిట్లు. తర్వాత శాన్ ఆంటోనియోలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో జరిగిన పదహారు వారాల మెడిక్ శిక్షణకు అత్యవసర వైద్యం, రోగి పరిశీలన, క్లినికల్ అభ్యాసం పేరిట మరికొన్ని. ఆపైన సార్జెంటు హోదాకు వెళ్లేటప్పుడు తీసుకున్న నాయకత్వ కోర్సుకు పర్యవేక్షణ, నిర్వహణ కింద ఇంకొన్ని. వీటి పక్కన నర్సింగ్ డిగ్రీ ప్రణాళిక పెట్టాను. అందులో ప్రయోగశాలతో కూడిన అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లీషు రచన, మనస్తత్వ శాస్త్రం, మానవ వికాసం, ఒక హ్యుమానిటీస్ కోర్సు, మిగిలినదంతా నర్సింగ్.

రెంటినీ పక్కపక్కన పెడితే నేరుగా కలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగిలినవన్నీ మా రికార్డుల్లో "ఎలక్టివ్", అంటే ఐచ్ఛికం అనే ఖాతాలోకి వెళతాయి. నర్సింగ్ ప్రణాళికలో ఎలక్టివ్‌కు చోటే లేదు. అంటే క్రెడిట్లు ఇచ్చినట్టే ఉంటుంది, ఒక్క కోర్సు కూడా తగ్గదు. సైనికులతో ఒప్పందాలు చేసుకున్న కాలేజీలు "మేము మీ శిక్షణకు క్రెడిట్లు ఇస్తాం" అని చెప్పేటప్పుడు దాచిపెట్టే రహస్యం ఇదే. ఇవ్వడం వేరు, డిగ్రీలో అమర్చడం వేరు. వేరే ఊరి బస్సు పాసు చూపించి మన ఊరి బస్సెక్కినట్టు, పాసు అసలుదే అయినా కండక్టరు టికెట్టు కొట్టక మానడు.

ఇది చెప్పినప్పుడు సార్జెంటు గొంతు పెంచలేదు. "నేను అనాటమీ చదవలేదా మేడమ్?" అని మాత్రం అడిగాడు. చదివాడు. రక్తస్రావం ఆపడానికి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని సూదితో వదలడానికి కావలసినంత లోతుగా చదివాడు. మూత్రపిండం లవణాలను ఎలా సర్దుతుందో, హార్మోన్లు ఎలా పనిచేస్తాయో చదవలేదు. ప్రయోగశాల గంటలు లేవు.

నర్సింగ్ విభాగంతో కూర్చున్నప్పుడు

మా కాలేజీకి, స్థావరానికి మధ్య అవగాహన ఒప్పందం ఎప్పటి నుంచో ఉంది. సంతకాల ఫోటో కూడా గోడ మీద ఉంది. రక్షణ శాఖతో ఒప్పందం లేని కాలేజీలో సైనికుడికి ట్యూషన్ సాయం (కాలేజీ ఫీజుకు రక్షణ శాఖ ఇచ్చే డబ్బు) రాదు కాబట్టి అది లేకుండా కుదరదు. ఆ ఒప్పందం ప్రకారం ప్రతి సైనికుడికీ డిగ్రీ ప్రణాళిక రాసివ్వాలి, సైనిక శిక్షణను పరిశీలించే విధానం ఉండాలి, ఒక సంప్రదింపు మనిషి ఉండాలి. ఇవన్నీ మాకున్నాయి. ఫలానా సైనిక శిక్షణ ఫలానా నర్సింగ్ కోర్సుకు సరిపోతుందని తేల్చే పట్టిక మాత్రం లేదు. దాన్ని ఏ ఒప్పందమూ తయారు చేయదు. అధ్యాపకులు, సైనిక శిక్షకులు ఎదురెదురుగా కూర్చుని పాఠానికి పాఠం పోల్చి చూడాల్సిందే.

ఈ కేసును ఆసరా చేసుకుని ఆ పని మొదలుపెట్టించాను. స్థావరంలోని ఆసుపత్రి నుంచి ఇద్దరు సీనియర్ మెడిక్‌లు, మా నర్సింగ్ విభాగం నుంచి ముగ్గురు అధ్యాపకులు వచ్చారు. తొలి సమావేశం వేడిగానే సాగింది. "మా వాళ్లు యుద్ధంలో ప్రాణాలు నిలబెట్టారు, మీరు మంచం దుప్పటి ఎలా మార్చాలో నేర్పిస్తామంటారా?" అని ఒక మెడిక్ అడిగారు. నర్సింగ్ విభాగాధిపతి తొణకలేదు. "నా విద్యార్థులు లైసెన్సు పరీక్ష తప్పితే నా కోర్సు గుర్తింపు పోతుంది. ఆ రోజు మీరు నా పక్కన నిలబడతారా?" అన్నారు. బయటివాళ్లు ఆమెను అడ్డుపుల్ల అనుకోవచ్చు. నేను అనుకోను. నర్సింగ్ కోర్సు బతికేది ఉత్తీర్ణత శాతం మీద. క్రెడిట్లు దయతో పంచిపెట్టి రెండేళ్ల తర్వాత లైసెన్సు పరీక్షలో మనిషిని ముంచడం సాయం కాదు.

అసలు తేడా ఎక్కడుందో పోలికలో బయటపడింది. అమెరికా రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2013లో ఇలాంటి పోలికే చేసింది. సైనిక వైద్య శిక్షణలను ప్రాక్టికల్ నర్సు (రిజిస్టర్డ్ నర్సు కన్నా కింది స్థాయి) పాఠ్యాంశంతో పోల్చింది. మేము చూసిందీ ఆ దిశలోనే ఉంది. మెడిక్ శిక్షణ ఆరోగ్యంగా ఉన్న యువకుడికి హఠాత్తుగా తగిలిన గాయం చుట్టూ తిరుగుతుంది. నర్సింగ్‌లో సగానికి సగం వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలు, ఏళ్ల తరబడి సాగే జబ్బులు.

ఈ తేడాను మాటల్లో వాదించుకునే బదులు ఒక పరీక్ష పెట్టి చూద్దామన్నారు విభాగాధిపతి. సిమ్యులేషన్ గదిలో మంచం మీద బొమ్మ రోగి. వయసు 78, గుండె వైఫల్యం, పాదాలు వాచాయి, ఆయాసం. సార్జెంటు లోపలికి వెళ్లాడు. కళ్లు ముందు నెత్తురు కోసం వెతికాయి, చేతులు తొడల కింద, నడుం కింద తడిమాయి. తర్వాత శ్వాసమార్గం, ఊపిరి, నాడి, చివరగా ఒంటి వేడి పోకుండా దుప్పటి. సైన్యం నేర్పిన వరుస పొల్లుపోకుండా, చూడముచ్చటగా చేశాడు. ఆక్సిజన్ పెట్టాడు, తల వైపు ఎత్తు పెంచాడు. అంతా రెండు నిమిషాల్లో. తర్వాత ఏం చేయాలో తోచక ఆగిపోయాడు.

అధ్యాపకురాలు అడిగింది: "నిన్నటికీ ఇవాళ్టికీ ఆమె బరువు ఎంత పెరిగింది?"

అతను బరువు చూడలేదు. చూడాలని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. గుండె వైఫల్యంలో ఒంట్లో నీరు చేరుతోందని ముందుగా చెప్పేది రోజూ పొద్దున చూసే బరువే. ఇంట్లో ఏ మాత్రలు వేసుకుంటోంది, వేసుకోవడం మానేసిందా, ఉప్పు ఎంత తింటోంది అన్న ప్రశ్నలూ రాలేదు. అదే గదిలో మా మొదటి సెమిస్టరు విద్యార్థిని పెట్టి కాలి నుంచి నెత్తురు చిమ్ముతున్న బొమ్మను ఇచ్చి ఉంటే ఆమె ఇంకా చేతి తొడుగులు వెతుక్కుంటూ ఉండేది. ఆ మాట అన్నది కూడా విభాగాధిపతే.

ఆ సాయంత్రం తర్వాత బేరం సులువైంది. మొదటి సెమిస్టరులోని ప్రాథమిక నైపుణ్యాల కోర్సు మెడిక్‌లకు అక్కర్లేదు. రాత పరీక్ష, నైపుణ్య పరీక్ష రెండూ నెగ్గితే దానికి క్రెడిట్ ఇస్తాం. దాని స్థానంలో ఒక చిన్న వారధి కోర్సు పెడతాం. అందులో వృద్ధుల సంరక్షణ, దీర్ఘకాలిక జబ్బులు, మందుల చరిత్ర తీసుకోవడం, నర్సింగ్ పద్ధతిలో రికార్డు రాయడం ఉంటాయి. అది పూర్తయితే నేరుగా రెండో సెమిస్టరులోకి ప్రవేశం. విజ్ఞాన శాస్త్ర కోర్సుల్లో రాయితీ లేదు. ఈ చివరి షరతు మీద సీనియర్ మెడిక్‌లు గొణిగారు. నేను మాత్రం అధ్యాపకుల పక్షమే.

డబ్బు ఏ వరుసలో ఖర్చుపెట్టాలి

సైనికులు చేసే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సర్వీసులో ఉన్నవారికి రెండు సంచులు ఉంటాయి. ఒకటి ట్యూషన్ సాయం. రక్షణ శాఖ పరిమితి ప్రకారం క్రెడిట్‌కు 250 డాలర్లు, ఏడాదికి 4,500 డాలర్లు మించదు. ఏడాది అంటే అక్టోబరు 1న మొదలయ్యే ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం. పుస్తకాలకు ఇది రాదు. క్లాసు మొదలయ్యేలోపు అనుమతి తీసుకోవాలి, ఒక్కరోజు ఆలస్యమైనా సొంత జేబే. సీ గ్రేడు రాకపోతే డబ్బు తిరిగి కట్టాలి. మోహరింపు వల్ల మధ్యలో మానితే కమాండరు ఉత్తరంతో ఆ బాకీ తప్పుతుంది. వాడుకోకపోతే ఆ ఏడాదిది ఆ ఏడాదే పోతుంది.

రెండోది 2009 ఆగస్టు నుంచి అమలవుతున్న పోస్ట్ 9/11 జీఐ బిల్లు. దీనిలో 36 నెలల చదువుకు కాలేజీ ఫీజు, పుస్తకాల భత్యం, సర్వీసు వదిలాక చదివేవారికి నెలనెలా ఇంటి అద్దె భత్యం వస్తాయి. సర్వీసులో ఉండగా దీన్ని వాడితే నెలలు కరిగిపోతాయి, అద్దె భత్యం మాత్రం రాదు. కుటుంబం ఉన్నవాడికి ఆ భత్యమే ఆయువుపట్టు.

నర్సింగ్ క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో చేసే అభ్యాసం పగటిపూట, ఆసుపత్రి చెప్పిన రోజుల్లోనే ఉంటాయి. యూనిట్ నెల రోజులు ఫీల్డ్ శిక్షణకు వెళితే ఆ గంటలు పోయినట్టే. సర్వీసులో ఉన్నవాడు కమాండరుకు, క్లినికల్ అధ్యాపకురాలికి మధ్య అడకత్తెరలో పోకచెక్క అవుతాడు. కాబట్టి నేను వేసిన ప్రణాళిక సూటిగా ఉంది. సర్వీసులో ఉన్నంతకాలం ట్యూషన్ సాయంతో విజ్ఞాన శాస్త్రాలు, ఇంగ్లీషు, హ్యుమానిటీస్. స్థావరంలోనే సాయంత్రం పూట ఎనిమిది వారాల కోర్సులు, శనివారం మా ప్రాంగణంలో ప్రయోగశాల. మనస్తత్వ శాస్త్రం మాత్రం, క్లాసులకు రాకుండానే క్రెడిట్ తెచ్చిపెట్టే క్లెప్ పరీక్ష రాసి దాటేయవచ్చు. సర్వీసులో ఉన్నవారికి మొదటి ప్రయత్నం ఖర్చు రక్షణ శాఖదే. జీఐ బిల్లును ముట్టుకోకూడదు. సర్వీసు ముగిసిన తర్వాతే నర్సింగ్.

అతనికి ఇది నచ్చలేదు. వెంటనే యూనిఫాం విప్పి వెంటనే నర్సింగ్‌లో చేరాలని ఉంది. అతని స్నేహితుడొకరు లాభాపేక్షతో నడిచే ఒక ఆన్‌లైన్ సంస్థలో జీఐ బిల్లు సగం ఖర్చుచేసి, అక్కడి క్రెడిట్లు ఎక్కడా చెల్లక తలపట్టుకుని కూర్చున్నాడు. నా వాదన కన్నా ఆ స్నేహితుడి సంగతే అతన్ని ఆపిందేమో.

మధ్యలో ఒక దారి మూసుకుపోయింది. సర్వీసు చివరి 180 రోజుల్లో పౌర సంస్థలో పనిశిక్షణకు వీలిచ్చే స్కిల్‌బ్రిడ్జ్ కింద ఆసుపత్రిలో కొన్ని నెలలు గడపాలని ప్రయత్నించాడు. దానికి కమాండరు ఒప్పుకోవాలి. యూనిట్‌లో మెడిక్‌లు తక్కువగా ఉన్నారు, ఒప్పుకోలేదు. మరో దారిని అతనే వద్దన్నాడు. ఆర్మీలోనే 68సీ అనే ప్రాక్టికల్ నర్సు విభాగానికి మారితే లైసెన్సు చేతికి వస్తుంది, అక్కడి నుంచి రిజిస్టర్డ్ నర్సుకు వంతెన కోర్సులు ఎన్నో ఉన్నాయి. కానీ దానికి దాదాపు ఏడాది శిక్షణ, మళ్లీ సర్వీసు పొడిగింపు. పిల్లలు ఎదుగుతున్న వయసులో అది అతనికి అక్కర్లేదు.

ఈ కేసు నడుస్తున్న రోజుల్లోనే విజయనగరం జిల్లా నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. "అత్తా, ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు మా శిక్షణకే ఇచ్చేస్తారట. అంటే సగం చదివితే డిగ్రీ వచ్చేసినట్టేనా?"

వచ్చేసినట్టే. 2022లో అగ్నిపథ్‌తోపాటు ప్రకటించిన ఈ పద్ధతిలో యాభై శాతం క్రెడిట్లు సర్వీసులో పొందిన నైపుణ్య శిక్షణవి, మిగిలిన యాభై శాతం భాషలు, చరిత్ర, అర్థశాస్త్రం, వాణిజ్యం, పర్యాటకం లాంటి వాటిలోంచి ఎంచుకునే కోర్సులవి. మొదటి ఏడాదితో ఆపితే సర్టిఫికెట్, రెండో ఏడాదితో డిప్లొమా, మూడో ఏడాదికి డిగ్రీ. పదో తరగతితో చేరినవారికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల) ద్వారా పన్నెండో తరగతి పూర్తిచేసే వీలు కూడా పెట్టారు. మా సార్జెంటు పడ్డ తిప్పలు మావాడికి ఉండవు, ఎందుకంటే ఒకే విశ్వవిద్యాలయం ముందే లెక్క తేల్చి పెట్టింది. ఆ విషయంలో మన పద్ధతి మెరుగనే అంటాను. అయితే మొత్తంగా ఇచ్చిన సగం ఆ డిగ్రీకే పనికొస్తుంది. నర్సింగ్‌కో, ఫార్మసీకో, ఇంజినీరింగ్ డిప్లొమాకో వెళ్లాలంటే ఏ పాఠానికి ఏ పాఠం సరి అని మళ్లీ మొదటి నుంచి అడగాల్సిందే. "నాలుగేళ్ల తర్వాత ఏ ఉద్యోగం చేయాలనుకుంటున్నావో ముందు చెప్పు, ఆ నోటిఫికేషన్‌లో ఏ డిగ్రీ అడుగుతున్నారో చూసి నాకు పంపు" అన్నాను. "పంపుతా అత్తా" అన్నాడు. ఇంకా పంపలేదు.

తర్వాత జరిగింది

అనాటమీ మొదటి భాగంలో సార్జెంటుకు బొటాబొటిగా సీ వచ్చింది. ప్రయోగశాల పరీక్షలో మోచేతి దగ్గర ధమని ఎక్కడుందో వేలితో చూపించడానికి క్షణం పట్టలేదు. దాని పేరు, అది ఏ ధమనికి కొనసాగింపు, ఏ రెండుగా విడిపోతుంది అని కాగితం మీద రాయడానికి మాత్రం చెమటలు పట్టాయి. చదివే అలవాటు తప్పి ఆరేళ్లయింది. మా ట్యూటరింగ్ కేంద్రం తెరిచే వేళల్లో అతను డ్యూటీలో ఉంటాడు. అందుకని స్థావరంలోని విద్యా కేంద్రంలోనే ట్యూటరును రాత్రి కూర్చోబెట్టించాం. ఒకరి కోసం మొదలుపెట్టింది, రెండో వారానికల్లా గది నిండింది. రెండో భాగంలో బీ వచ్చింది. మైక్రోబయాలజీ సగంలో ఉండగా ఫీల్డ్ శిక్షణకు పిలుపొచ్చింది, కమాండరు ఉత్తరంతో ఆ కోర్సు వదిలేసి తర్వాతి విడతలో మళ్లీ చేశాడు.

ఇదే సమయంలో అతని భార్య ఫైలు కూడా నా దగ్గరికి వచ్చింది. తక్కువ హోదాల్లో ఉన్న సైనికుల జీవిత భాగస్వాములకు మైకా అనే పథకం కింద లైసెన్సులకు, సర్టిఫికెట్లకు, అసోసియేట్ డిగ్రీలకు 4,000 డాలర్ల దాకా వస్తుంది. భర్త సర్వీసులో ఉండగానే చదువు మొదలై ముగియాలి. ఆమె మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ ఎంచుకుని, అతను యూనిఫాం విప్పేలోగా పూర్తిచేసింది. ఈ కుటుంబంలో మొదటి కొత్త జీతం ఆమెదే. ఒప్పందాల గురించి మాట్లాడే సభల్లో ఈ పథకం పేరు వినిపించడం అరుదు, ఎందుకో నాకు అర్థం కాదు.

సర్వీసు ముగిశాక సార్జెంటు వారధి కోర్సులో చేరాడు. నైపుణ్య పరీక్షలో అన్నీ నెగ్గాడు, రికార్డు రాయడంలో మాత్రం రెండోసారి కూర్చున్నాడు. యుద్ధంలో మెడిక్ రాసే కార్డు అరచేతిలో ఇమిడిపోతుంది. నర్సు రాసేది పేజీలకు పేజీలు. రెండో సెమిస్టరులోకి వచ్చాక పిల్లల వార్డు అతనికి గట్టి పరీక్ష పెట్టింది. బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టడం అతనికి కొత్త కాదు, కానీ ఏడుస్తున్న మూడేళ్ల పిల్లను పట్టుకుని ఆ మందు మింగించడం కొత్త. వృద్ధుల వార్డులో మాత్రం అధ్యాపకురాలు అతన్ని మెచ్చుకున్నారు. పొద్దున వెళ్లగానే అందరికన్నా ముందు బరువులు చూసేది అతనేనట.

అతని వెనకే మరికొందరు మెడిక్‌లు వారధి కోర్సుకు దరఖాస్తు చేశారు, అందరికీ సీట్లు ఇవ్వలేకపోయాం. క్లినికల్స్‌కు ఆసుపత్రులు ఇచ్చే చోట్లు పరిమితం, అది మా చేతుల్లో లేదు. పట్టికను కూడా ఒకసారి తయారు చేసి అటక మీద పెట్టడానికి లేదు. ఆర్మీ మెడిక్ శిక్షణ మారినా, నర్సింగ్ పాఠ్యాంశం మారినా మళ్లీ పోల్చాలి. ట్రాన్‌స్క్రిప్టులోని ప్రతి సిఫారసుకూ అది ఏ తేదీల మధ్య శిక్షణకు వర్తిస్తుందో రాసి ఉంటుంది. ఆ తేదీలు చూడకుండా క్రెడిట్లు ఇచ్చే సలహాదారులు ఉన్నారు.

వచ్చే సమీక్షకు 91బీ పెట్టుకున్నాం. ఆర్మీ వాహనాల మెకానిక్‌లు. ఆటోమొబైల్ విభాగాధిపతి బ్రేకుల కోర్సుకు పరీక్ష లేకుండానే క్రెడిట్ ఇస్తానంటున్నారు. విద్యుత్ వ్యవస్థల కోర్సుకు మాత్రం బండి ముందు నిలబెట్టి, తప్పు ఎక్కడుందో పట్టుకోమని అడిగిన తర్వాతేనట.